ముక్కులో మకాం

పైదవడ పన్ను పీకించుకున్న ఒకామెకు ఆ కంతలోంచి కారడం ఆగలేదు. ఇంగ్లండు వైద్యుడు నథానియల్ హైమోర్ 1651లో ఆమె సంగతి రాస్తూ, పైదవడ ఎముకలోని గాలిగదిని, అంటే సైనస్‌ను వర్ణించాడు. పైదవడ దంతాల వేళ్లు ఆ గది నేలకు ఆనుకునే ఉంటాయి. అందుకే ప్రొద్దుటూరులోనైనా, పులివెందులలోనైనా ఒకవైపు ముక్కే కారుతూ కంపు కొడుతుంటే పళ్లు కూడా చూపించుకోవాలి. ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ.

అంతకు చాలా ముందే సుశ్రుత సంహిత పడిశానికి పొగనూ దుమ్మునూ కారణాలుగా చెప్పింది. పందొమ్మిదో శతాబ్దం వాటిని పక్కకు నెట్టి సూక్ష్మజీవిని ముందుకు తెచ్చింది. 1880 ప్రాంతంలో స్కాట్లండు సర్జన్ ఆగ్‌స్టన్ చీములో గుత్తులు గుత్తులుగా ఉన్న క్రిములను చూశాడు, అవే స్టెఫిలోకాకస్. 1893లో కాల్డ్‌వెల్, 1897లో లూక్ పైచిగురు కోసి సైనస్ కడిగే ఆపరేషన్ చెప్పారు. దాదాపు ఆ రోజుల్లోనే జమ్మలమడుగులో లండన్ మిషన్ వైద్యుడు క్యాంప్‌బెల్ ఆసుపత్రి పెట్టాడు. తర్వాతెప్పుడో వై.ఎస్. రాజశేఖరరెడ్డి డాక్టరుగా పనిచేసిందీ అక్కడే.

యాంటీబయాటిక్స్ వచ్చాక కథ ముగిసిందనుకున్నారు. ముగియలేదు. నాలుగు రోజుల జలుబు ముదిరి వచ్చే సైనస్‌లో న్యూమోకాకస్, హీమోఫిలస్ ఎక్కువ. పన్నెండు వారాలు దాటిన మొండి జబ్బులో స్టెఫిలోకాకస్ ఆరియస్, గాలి లేనిచోట బతికే క్రిములు, ఆపరేషన్లు అయినవాళ్లలో సూడోమోనాస్ కనిపిస్తాయి. ల్యాబులో ఫలానా మందుకు చస్తుందని తేలిన క్రిమి ముక్కులో ఎందుకు చావదు? 2004లో సైనస్ పొరల మీద బయోఫిల్మ్ కనిపించాక జవాబు కొంత దొరికింది. నీళ్లతొట్టికి పట్టిన పాచిలాంటి ఆ జిగురు పొరలో క్రిములు దాక్కుంటాయి. మందు లోపలికి సరిగా దిగదు. పైగా ఆరోగ్యవంతుల ముక్కులోనూ స్టెఫిలోకాకస్ ఉంటుంది. కాబట్టి క్రిమి పేరు తెలిస్తే సరిపోదు, అది మకాం వేసిన మనిషి సంగతీ తెలియాలి: ఉబ్బసం, అలర్జీ, ముక్కులో కండ, బీడీ, షుగరు.

షుగరు ఏం చేస్తుందో 2021లో అందరూ చూశారు. కోవిడ్‌తో పాటు అదుపు తప్పిన షుగరు, స్టెరాయిడ్లు ఉన్నవాళ్ల సైనస్‌లలోకి బ్లాక్ ఫంగస్ దిగి కళ్లదాకా పాకింది. అది బ్యాక్టీరియా కాదు, బూజు. దారి మాత్రం ముక్కే. రాష్ట్ర ప్రభుత్వం ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ పథకాన్ని 2007లో మొదలుపెట్టిందీ పులివెందుల ఎమ్మెల్యేగా ముఖ్యమంత్రి అయిన ఆ జమ్మలమడుగు డాక్టరే.

ఇక పక్కకు నెట్టేసిన ఆ దుమ్ము. రోగిని ‘నీ పనేంటి’ అని అడగమని ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లోనే రాశాడు. జమ్మలమడుగు చుట్టుపక్కల నాపరాయి పనివాళ్లను నిజానికి ఇంకో ప్రశ్న కూడా అడగాలి: తడికోతా, పొడికోతా? నీళ్లు పోసి కోస్తే దుమ్ము చాలామటుకు అణుగుతుంది. అంచులు పొడిగా రుద్దితే సన్నపొడి నేరుగా ముక్కులోకే పోతుంది. మూతికి కట్టిన తువ్వాలు దాన్ని ఆపలేదు.