ఏడు రాత్రుల పాఠశాల: తెలుగునాట ఆకాశమును వేధించినవారి చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమున ఒక వ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, గ్రామ చరిత్రమునే వ్రాయుదునని వారును నేనును తలచితిమి. కాని గత వేసవి సెలవులలో గ్రంథాలయపు మేడమీద బాలబాలికలకు ఏడు రాత్రులు జరిగిన నక్షత్ర పాఠశాల నా మనస్సును వేరొక దారికి మరల్చినది. నేను గ్రామ సహకార సంఘమున లెక్కలు వ్రాసి జీవించువాడను, శాస్త్రజ్ఞుడను కాను. సంస్కృతాంధ్రములలో నాకు గల కొలది పరిచయము సైతము గురుముఖమున లభించినది కాదు. ఈ గ్రంథాలయపు బీరువాల ముందు కూర్చుండి సంపాదించుకొన్నది. అయినను ఆ ఏడు రాత్రుల వెనుక మన దేశమున కొన్ని వందల యేండ్ల చరిత్ర కలదనియు, అది పిల్లలకు తెలియకుండుట మన లోపమే యనియు తోచుటచే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

మన పూర్వులు గణితమును తెలుగు చేసికొనుటలో వెనుకబడినవారు కారు. మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి దెచ్చెను. పండ్రెండవ శతాబ్దమున మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతమునకు తెలుగునను సంస్కృతమునను వ్యాఖ్యలు రచించెను. గ్రహగతులను, గ్రహణములను లెక్కించు విద్యకు తెలుగుభాష చాలదని ఆ మహనీయుడు తలపలేదు. అయితే ఆ విద్యకు రెండు కాళ్ళు గలవు. ఒకటి గణితము, రెండవది వేధ, అనగా కంటితోను యంత్రముతోను ఆకాశమును చూచి లెక్కను సరిచూచుకొనుట. చిట్టా మాత్రమే వ్రాసి, సాయంకాలము పెట్టెలోని రొక్కము లెక్కింపని గుమాస్తా వ్రాత ఎట్టిదో, వేధ లేని గణితము అట్టిది. మనవారు రానురాను మొదటి కాలిమీదనే నిలిచి, రెండవ దానిని మరచిరి.

మరచినదానిని జ్ఞాపకము చేసిన స్థలములలో చెన్నపట్టణపు వేధశాల మొదటిది. విలియం పెట్రీ యను కంపెనీ ఉద్యోగి 1786లో తన సొంతమునకు ఏర్పరచుకొన్న వేధశాలను కంపెనీవారు తీసికొని, 1792లో నుంగంబాకమున మైకేల్ టాపింగ్ ఆధ్వర్యమున భవనము కట్టించిరి. అందు యంత్రమును నిలిపిన నల్లరాతి స్తంభముమీద ఇతర భాషలతోపాటు తెలుగునను శాసనము చెక్కించిరి. 1802లో లాంబ్టన్ దొర ప్రారంభించిన మహా త్రికోణమితి సర్వేకు రేఖాంశము ఎంచుటకు ఆధారమైనది ఈ వేధశాలయే. సర్వే నంబరులతో, హద్దు రాళ్ళతో దినములు గడుపు మావంటివారు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను. నేల కొలతలకు మూలము నక్షత్రముల యందున్నది.

ఆ వేధశాలలోనే చింతామణి రఘునాథాచార్యులు అను పండితుడు సహాయకుడుగా పనిచేసెను. దక్షిణాకాశమున రెటిక్యులమ్ అను మండలములోని ఒక నక్షత్రపు కాంతి హెచ్చుతగ్గు లగుచున్నదని 1867లో కనుగొన్నవాడు ఈయన. దూరదర్శిని దగ్గర కూర్చుండిన ఆ కన్నులే పంచాంగమును గూడ చూచినవి. ఆకాశమున కనబడుదానికి సరిపోవునట్లు లెక్కలు దిద్ది ఆయన దృగ్గణిత పంచాంగమును ప్రకటించెను. 1874లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచినప్పుడు, సామాన్య జనులకు దానిని బోధించుటకు ఒక పుస్తకము వ్రాసెను. విద్యను నలుగురికి పంచనిదే అది నిలువదని ఎరిగినవాడు.

1868 ఆగష్టు 18వ తేదీన మన దేశమున సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. రఘునాథాచార్యులు దానిని చూచుటకు వనపర్తికి వచ్చెను. ఆయన పై యధికారియైన పోగ్సన్ బందరులో ఉండెను. గుంటూరున టెన్నెంట్ అను ఆంగ్లేయుడును, జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడును వేర్వేరుగా యంత్రములు నిలిపిరి. ఒక ఫ్రెంచి వర్తకుని ఇంటినుండి జాన్సెన్, సూర్యుని అంచున లేచు మంటల కాంతిని వర్ణదర్శినిలో చూచెను. ఆ గీతలు మిక్కిలి తేజోవంతములై యుండుటచే, గ్రహణము లేనప్పుడును వీనిని చూడవచ్చునని ఆయనకు తోచి, మరునాడే చూచెను. ఇంగ్లండున లాకియర్ అను పండితుడు అదే పద్ధతిని ఆ యక్టోబరులో స్వతంత్రముగా సాధించెను. ఇరువురి లేఖలును పారిస్ విద్వత్పరిషత్తునకు ఒక్కదినముననే చేరినవట! ఆ కాంతిలోని పసుపుపచ్చని గీత భూమిమీద ఎరిగిన ఏ పదార్థమునకును చెందనిదని తేలగా, సూర్యునికి గ్రీకుభాషలో గల పేరునుబట్టి దానికి హీలియమ్ అని పేరిడిరి. 1895లో గాని రామ్సే అను రసాయన శాస్త్రవేత్త ఆ వాయువును భూమిమీద పట్టలేదు. ఆ కథలో గుంటూరునకు ఒక పుట కలదని గుంటూరు వెళ్ళివచ్చు మనలో ఎందరెరుగుదురు?

దొరలు మాత్రమే ఇట్టి పనులు చేసిరని తలపరాదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు చెన్నపట్టణపు వేధశాలలో విద్య నేర్చి, 1840 ప్రాంతమున తమ సొంత ధనముతో తమ తోటలోనే వేధశాల నిర్మించిరి. 1856లో వారు గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ భారమును వహించి, క్రొత్త దూరదర్శిని తెప్పించి, గ్రహణములను, 1874లోని శుక్రగమనమును వేధించి, లండను రాజకీయ జ్యోతిశ్శాస్త్ర పరిషత్తున సభ్యులైరి. 1892లో వారును పరమపదించిరి. కుటుంబమువారు దానిని ప్రభుత్వమునకు అప్పగించిరి. నేడా వేధశాల లేదు. అందు యంత్రములుండెను, ధనముండెను, శ్రద్ధయుండెను. అయినను అది రెండు తరములతో ముగిసినది.

హైదరాబాదున కథ వేరొక విధముగా నడచినది. నవాబు జఫర్ జంగ్ 1901లో పదునైదు అంగుళముల దూరదర్శిని తెప్పించి వేధశాల స్థాపించెను. ఆయన 1907లో మరణింపగా నిజాము ప్రభుత్వము 1908లో దానిని స్వీకరించి బేగంపేటకు చేర్చినది. ప్రపంచమందలి వేధశాలలు ఆకాశమును భాగములుగా పంచుకొని నక్షత్రముల పట్టిక వ్రాయబూనినప్పుడు నిజామియా వేధశాలకును పాలు వచ్చినది. భాస్కరన్‌గారు మొదలగువారి పర్యవేక్షణమున, 1946 నాటికి పండ్రెండు సంపుటములలో ఏడున్నర లక్షలకు పైబడిన నక్షత్రముల స్థానములు ముద్రితములైనవి. ఆకాశమునకు అడంగలు వ్రాసిన కరణములు వారు! ఒక్క చుక్కకైన లంచము లేక, ఒక్క గట్టునైన జరుపక వ్రాసిన అడంగలు అది.

1919లో ఆ వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినది. ఇక్కడనే విశాఖకును హైదరాబాదునకును భేదము కనబడుచున్నది. యంత్రము దగ్గరకు విద్యార్థి వచ్చెను. అందు సహాయకుడుగా నున్న ఒకరి కుమారుడు చిన్ననాటినుండి ఆ గుమ్మటము నీడలో పెరిగెను. నిజాం కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళి, 1949లో మరి యిరువురితో కలిసి ఒక తోకచుక్కను కనుగొని, తిరిగివచ్చి భారతదేశపు జ్యోతిశ్శాస్త్రమునకు పెద్దదిక్కైన వైను బప్పు ఆ బాలుడే. 1968లో జపాల-రంగాపురమున నలువదెనిమిది అంగుళముల దూరదర్శిని నెలకొల్పబడుటయు ఆ విశ్వవిద్యాలయపు పరంపరలోనిదే.

ఇక నా సొంత సంగతి యొకటి చెప్పక తప్పదు. 1980 ఫిబ్రవరి 16వ తేదీన మరల సంపూర్ణ సూర్యగ్రహణము మన ప్రాంతము మీదుగా పోయినది. జపాల-రంగాపురమున శాస్త్రజ్ఞులు యంత్రములతో కాచియుండిరి. అంతదూరము కాని మా యూరిలో వీధులు నిర్మానుష్యములైనవి. మా తాతగారు కరణము. పంచాంగ గణితము ఎరిగినవారు. స్పర్శకాలము, మోక్షకాలము తామే గుణించి గోడమీద బొగ్గుతో వ్రాసిరి. వ్రాసి, పదేండ్ల నన్ను నడిమింటి గదిలో కూర్చుండబెట్టి, తలుపులు మూసి, కిటికీకి గోనెపట్టా కట్టిరి. మధ్యాహ్నము మూడు దాటిన పిమ్మట గోనె సందులలోని వెలుతురు ఆరిపోయినది. బయట కాకులు గూళ్ళకు చేరు సవ్వడి వినబడినది. సుమారు రెండు నిమిషములకు వెలుతురు మరల వచ్చినది. తాతగారి లెక్క తప్పలేదు. ఒక్కచోట నిలిచియున్నవానికి సంపూర్ణ గ్రహణము సగటున మూడు నాలుగు వందల యేండ్లకొకసారి వచ్చునని పెద్దవాడనైన తరువాత ఈ గ్రంథాలయములోనే చదివితిని. ఆయనను నిందింపను. వట్టి కంటితో సూర్యుని చూచుట అపాయకరమే. నా కన్నులను కాపాడవలెననియే ఆయన తలచెను. అయితే కాపాడుటకు తగిన గాజును ఇచ్చి చూపువారు ఆనాడు మా యూర ఒక్కరును లేకపోయిరి.

అందుచేత గత వేసవిలో పొరుగు పట్టణపు ఉపాధ్యాయుడొకరు చిన్న దూరదర్శినితో వచ్చి ఏడు రాత్రులు ఉండెదననగా, చాపలు పరచుటకు, దీపములార్పించుటకు నేనే ముందు నిలిచితిని. మొదటి రాత్రి పిల్లలు కోణమానినికి దారము, దారమునకు రాయి కట్టి ధ్రువుని యెత్తు కొలిచిరి. సుమారు పదునేడు అంశలు వచ్చినది. అదియే మన యూరి అక్షాంశమని తెలిసి ఆశ్చర్యపడిరి. రెండవ రాత్రి సప్తర్షుల తోక వంపు వెంట స్వాతికి, స్వాతినుండి చిత్తకు నడచిరి. మూడవ రాత్రి వసిష్ఠుని ప్రక్కన అరుంధతిని కంటితో చూచి, దూరదర్శినిలో వసిష్ఠుడే జంటనక్షత్రమని తెలిసికొనిరి. పెండ్లిలో పట్టపగలు అరుంధతిని చూచితిమని తలయూచిన మా వంటివారికి నిజముగా చూపినవారు ఆ పిల్లలే. నాలుగవ, అయిదవ రాత్రులలో చంద్రుని గుంటలను, అతడు దినమున కొక నక్షత్రము చొప్పున జరుగుటను గుర్తించిరి.

ఆరవ రాత్రి ఏడవ తరగతి చదువు ఒక బాలిక, కూలికి పోవువారి బిడ్డ, నన్నడిగినది: "పంతులుగారూ, ఇప్పుడు రోహిణి కార్తె గదా! మరి రోహిణి ఎక్కడ?" సూర్యుడు ఇప్పుడు రోహిణి యొద్ద నున్నాడనియు, అందుచే ఆ చుక్క పగటి వెలుతురులో మునిగిపోయినదనియు, కార్తె యనగా అదియే యనియు చెప్పితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే ఈ కార్తెలో నిండుగ్రహణం పడితే పగలే కనబడుతుంది గదండీ?" అన్నది. అవునంటిని. "మీరెప్పుడైన చూసినారా?" అని ఆమె అడిగినప్పుడు నాకు వెంటనే మాట రాలేదు. చూడలేదమ్మా, ఇంట్లో కూర్చున్నానని చెప్పితిని. ఏడవ రాత్రి పిల్లలు తమ తల్లిదండ్రులను మేడమీదికి తెచ్చి చుక్కలు చూపిరి. ఆ బిడ్డ తండ్రి చాలసేపు చంద్రుని చూచి, ఏమియు పలుకక, కుమార్తె తలమీద చేయి వేసి నిలిచెను.

చదువరులారా, రజతోత్సవ నిధితో గ్రంథాలయమునకు స్వాగత తోరణము కట్టింపవలెనని కొందరు పెద్దలు తలచుచున్నారు. వారి సంకల్పము మంచిదే. అయినను లెక్కలు వ్రాయువానిగా ఒక మనవి. తోరణమును ఒకసారి చూతురు. రెండవసారి దానిక్రిందుగా పోవుదురు. ఆ నిధితో ఒక మంచి దూరదర్శినిని, తెలుగున ఖగోళ గ్రంథములను కొని, ప్రతి వేసవియందును ఏడు రాత్రులు పిల్లల కొరకు కేటాయింపుడు. యంత్రము చుట్టు విద్యార్థులున్నచోటనే విద్య తరమునుండి తరమునకు నడచునని హైదరాబాదు చరిత్ర చెప్పుచున్నది. పట్టణములు కోల్పోయిన చీకటి మన యూర ఇంకను కొంత మిగిలియున్నది. ఈ ఆస్తికి పన్ను లేదు, పట్టా లేదు. దీనిని అనుభవించు హక్కు మన పిల్లలకు దక్కుగాక!