డెబ్బై రెండు ఓట్ల తేడాతో పోయిన ప్రాణం

1988 సెప్టెంబరు 15, 16 తేదీల్లో అమెరికాలో ఒక ఎన్నిక జరిగింది. బుష్‌కీ డుకాకిస్‌కీ మధ్య జరిగినది కాదండోయ్, అది నవంబరులో. ఈ ఎన్నికలో నిలబడ్డది ఒక్కడే... రాబిన్. బాట్‌మన్ పక్కన పసుపుపచ్చ కేప్ వేసుకుని తిరిగే కుర్రాడు. 'బాట్‌మన్' 427వ సంచికలో జోకర్ ఆ పిల్లాణ్ణి ఇనుప రాడ్డుతో చావగొట్టి, బాంబు పెట్టి పోతాడు. బాంబు పేలుతుంది. సంచిక చివర్లో రెండు ఫోన్ నంబర్లు ఇచ్చారు. రాబిన్ బతకాలంటే ఒకదానికి, పోవాలంటే ఇంకోదానికి చెయ్యాలి. ఫోనుకి యాభై సెంట్లు. లైన్లు దాదాపు ఒకటిన్నర రోజు తెరిచి ఉంచారు.

పోవాలన్నవి 5,343. బతకాలన్నవి 5,271. మొత్తం పదివేల పైచిలుకు ఫోన్లలో తేడా 72. తర్వాతి సంచికలో రాబిన్ శవాన్ని చేతుల్లో పెట్టుకుని బాట్‌మన్ శిథిలాల్లోంచి బయటికొచ్చాడు.

మనలాంటి వాళ్ళకి నచ్చే ముక్క ఇంకోటుంది. ఎవరో ఒక పెద్దమనిషి తన కంప్యూటరుకి ప్రోగ్రామ్ రాసి, ఎనిమిది గంటల పాటు ప్రతి తొంభై సెకన్లకీ "చంపెయ్" నంబరుకి డయల్ చేయించాడని తాను విన్నట్టు అప్పటి ఎడిటర్ డెన్నిస్ ఓనీల్ తర్వాత చెప్పాడు. ఇది విన్నమాటే, రుజువేమీ లేదు. కానీ లెక్క వేసి చూడండి. గంటకి నలభై ఫోన్లు, ఎనిమిది గంటలకి మూడొందల ఇరవై. ఖర్చు నూట అరవై డాలర్లు. తేడా డెబ్బై రెండే కాబట్టి, ఆ మాటే నిజమైతే ఒక్క మనిషి, ఒక్క చిన్న లూపు, ఒక్క రాత్రి చాలు. రేట్ లిమిట్ పెట్టకుండా ఏపీఐని బయట పెడితే ఏమవుతుందో 1988లోనే తెలిసొచ్చిందన్నమాట :)

ఈ కథని అందరూ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. నాకు మాత్రం దీంట్లో ఇంకో ప్రశ్న కనిపిస్తుంది. కొత్త సంచిక చదివిన అభిమాని తన అభిప్రాయం చెప్తే, దాన్ని ఏం చెయ్యాలి? వినాలా, లెక్కపెట్టాలా? ఈ రెండూ ఒకటే అనుకునే వాళ్ళు మన ఆఫీసుల్లో కూడా బోలెడుమంది ఉన్నారు కాబట్టి, కొంచెం వెనక్కి వెళ్ళి చూద్దాం.

1960ల మొదట్లో డీసీ కామిక్స్‌లో జూలియస్ ష్వార్ట్జ్ అనే ఎడిటరుండేవాడు. ఆయన ఉత్తరాల పేజీలో పాఠకుల పేర్లతో పాటు పూర్తి చిరునామా కూడా అచ్చు వెయ్యడం మొదలెట్టాడు. చూడ్డానికి చిన్న మార్పే. మన వారపత్రికల్లో 'కలం స్నేహం' శీర్షిక గుర్తున్న వాళ్ళకి దాని శక్తేంటో వేరే చెప్పక్కర్లేదు. అప్పటిదాకా ప్రతి పాఠకుడూ ఎడిటరుకి రాసేవాడు, అంతే. చిరునామా దొరికేసరికి పాఠకుడు పాఠకుడికి రాయడం మొదలైంది. ష్వార్ట్జ్‌కి ఇది కొత్త కాదు. కుర్రతనంలో సైన్స్ ఫిక్షన్ పత్రికల ద్వారానే స్నేహితుల్ని సంపాదించుకుని, 1932లో వాళ్ళతో కలిసి 'ది టైమ్ ట్రావెలర్' అని సొంతంగా ఒక చిన్న పత్రిక నడిపాడాయన.

1961లో డెట్రాయిట్‌లో కాలేజీ పాఠాలు చెప్పుకునే జెర్రీ బెయిల్స్ 'ఆల్టర్ ఈగో' అనే అభిమానుల పత్రిక మొదలెట్టాడు. ఆయనకి తోడు నిలిచింది మిస్సోరీ కుర్రాడు రాయ్ థామస్. ఈ థామస్ 1965లో మార్వెల్‌లో చేరి, 1972లో స్టాన్ లీ తర్వాత ఎడిటర్-ఇన్-చీఫ్ అయ్యాడు. పిట్స్‌బర్గ్‌లో జిమ్ షూటర్ అనే పదమూడేళ్ళ పిల్లాడు, కథలు ఇంతకంటే బాగా రాయొచ్చు కదా అనుకుని 1965లో తనే రాసి డీసీకి పంపాడు. వాళ్ళు కొనుక్కున్నారు! పద్నాలుగేళ్ళకే అచ్చులోకొచ్చిన ఆ పిల్లాడు 1978లో మార్వెల్‌కి ఎడిటర్-ఇన్-చీఫ్. 1963లో 'ఫెంటాస్టిక్ ఫోర్' 20వ సంచికలో ఓ కుర్రాడి ఉత్తరం పడింది, అంతకు ముందొచ్చిన సంచికని తెగ మెచ్చుకుంటూ. ఆ కుర్రాడి పేరు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. అవును, 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఆయనే.

అప్పట్లో కామిక్ వెల పన్నెండు సెంట్లు, ఉత్తరానికి స్టాంపు అయిదు సెంట్లు. అంటే అభిప్రాయం చెప్పడానికి పుస్తకం ఖరీదులో దాదాపు సగం పెట్టాలి. ఆ పైన కాగితం, కవరు, కూర్చుని రాసే ఓపిక. ఇంతా చేసి "చెత్త" అని ఒక్క మాట రాసి ఎవడూ పోస్టు చెయ్యడు కదా. ఎందుకు చెత్తో, ఏ పేజీలో చెత్తో రాస్తాడు. మార్వెల్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. కథలో తప్పు పట్టుకోవడమే కాదు, అది తప్పెందుకు కాదో తెలివిగా సమర్థించిన వాళ్ళకి 'నో-ప్రైజ్' ఇచ్చేవాళ్ళు. బహుమతి ఏంటంటే, "ఇందులో మీ బహుమతి ఉంది" అన్న అర్థం వచ్చేలా అచ్చేసిన ఖాళీ కవరు! బగ్ రిపోర్టుతో పాటు ప్యాచ్ కూడా పంపమనడమే ఇది. జీతం లేదు, ఖాళీ కవరు మాత్రం గ్యారంటీ. ఓపెన్ సోర్స్‌కి పని చేసినవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు :)

అన్నట్టు, 1954లో కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయని పుస్తకం రాసి, సెనేట్ విచారణలో సాక్ష్యం చెప్పి, పరిశ్రమ తనకి తానే సెన్సారు పెట్టుకునేలా చేసిన మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ ఉన్నాడు చూడండి, అభిమానులు ఈ రోజుకీ ఆయన పేరెత్తితే మండిపడతారు. ఆ వెర్థమే 1973లో అభిమానుల చిన్న పత్రికల మీద ఇంకో పుస్తకం రాశాడు. తిడుతూ కాదు, మెచ్చుకుంటూ.

అదే 1973లో అసలు పరీక్ష వచ్చింది. 'అమేజింగ్ స్పైడర్‌మాన్' 121వ సంచికలో హీరో ప్రియురాలు గ్వెన్ స్టేసీ చచ్చిపోయింది. రాసింది జెర్రీ కాన్వే, అప్పటికి వయసు ఇరవై. గ్రీన్ గాబ్లిన్ ఆమెని వంతెన మీంచి తోసేస్తే, స్పైడర్‌మాన్ సాలెతాడు విసిరి కాళ్ళు పట్టుకుంటాడు. పైకి లాగి చూస్తే ప్రాణం లేదు. మెడ దగ్గర సన్నగా ఒక శబ్దం బొమ్మలో రాసి ఉంది. పడిపోవడం వల్ల పోయిందా, లేక హీరో పట్టుకోవడం వల్ల పోయిందా? (ఆ వంతెన పేరు కథలో ఒకటి, బొమ్మలో ఉన్న వంతెన ఇంకోటి. దాని మీద కూడా పాఠకులు వదల్లేదు.)

నాలుగు సంచికల తర్వాత, 125వ సంచిక ఉత్తరాల పేజీలో జవాబొచ్చింది. అంత వేగంగా పడుతున్న మనిషిని ఒక్కసారిగా ఆపితే ఆ కుదుపుకే మెడ విరుగుతుంది, స్పైడర్‌మాన్ ఎంత త్వరగా స్పందించినా లాభం లేదు అని. మనం లెక్క వేసుకోవచ్చు. మూడొందల అడుగులు, అంటే సుమారు తొంభై మీటర్లు పడితే, గాలి సంగతి వదిలేస్తే, వేగం సెకనుకి నలభై రెండు మీటర్లు. గంటకి నూట యాభై కిలోమీటర్లు! దాన్ని అరసెకనులో ఆపితే శరీరం మీద గురుత్వాకర్షణకి తొమ్మిది, పది రెట్ల బలం పడుతుంది. మిన్నెసోటా యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ జేమ్స్ కకాలియోస్ 2005లో సూపర్‌హీరోల భౌతికశాస్త్రం మీద రాసిన పుస్తకంలో ఈ లెక్కంతా చేసి, ఉత్తరాల పేజీ చెప్పింది సరైనదే అని తేల్చాడు. అభిమానులు కోపంతో అడిగిన ప్రశ్నకి ముప్ఫై రెండేళ్ళ తర్వాత కూడా పాఠం చెప్పుకోగలిగారంటే, ఆ ప్రశ్నలో సరుకున్నట్టే కదా.

మరి ఆ కోపం వల్ల గ్వెన్ బతికిందా? లేదు. 1975లో ఆమె పోలికతో ఒక క్లోన్‌ని తెచ్చారు, కథ అయ్యాక పంపేశారు. అసలు గ్వెన్ పోవడం పోవడమే. పాఠకుల బాధని విన్నారు, జవాబిచ్చారు, కానీ కథని తిరగరాయలేదు.

ఇప్పుడు మళ్ళీ 1988కి వద్దాం. చచ్చిపోయిన రాబిన్ మొదటి రాబిన్ కాదు, రెండోవాడు, జేసన్ టాడ్. 1983లో వాణ్ణి పుట్టించిన రచయిత ఎవరో తెలుసా? గ్వెన్‌ని చంపిన జెర్రీ కాన్వేనే (బొమ్మలు డాన్ న్యూటన్). మొదట్లో జేసన్ అచ్చు పాత రాబిన్‌కి జిరాక్స్ కాపీ, అదే సర్కస్ నేపథ్యం. 1987లో కథ మార్చి, బాట్‌మొబైల్ టైర్లు దొంగతనం చేస్తూ దొరికిన వీధి పిల్లాణ్ణి చేశారు. తర్వాత రచయిత జిమ్ స్టార్లిన్ చేతిలో వాడు ఇంకా మొండివాడయ్యాడు. ఒక కథలో నేరస్థుడు మేడ మీంచి పడి చస్తే, జేసన్ తోశాడా, వాడే పడ్డాడా అన్నది తేల్చకుండా వదిలేశారు. చాలామంది పాఠకులకి ఈ పిల్లాడు నచ్చలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పాఠకులు చెప్తున్నదేంటి? "వీడితో మాకు కుదరట్లేదు" అని. ఇది ఫిర్యాదు. దీనికి పరిష్కారాలు పది ఉండొచ్చు. స్వభావం మార్చొచ్చు, ఇల్లొదిలి పంపొచ్చు, ఆ మొండితనం మీదే మంచి కథ రాయొచ్చు. కానీ ఫోను లైనుకి ఉన్నవి రెండే నంబర్లు. ఫిర్యాదు కాస్తా అవును-కాదు ప్రశ్న అయిపోయింది. "నాకు వీడు నచ్చడు కానీ పసివాణ్ణి చంపొద్దు" అనుకున్నవాడు ఏ నంబరుకి చెయ్యాలి? "కథ బాగుంటే చంపండి" అనేవాడు? అంతా ఒకే సున్నాలోకో, ఒకే ఒకటిలోకో కుదించుకుపోవాల్సిందే. పైగా యాభై సెంట్లంటే అప్పటి రెండు స్టాంపుల ఖరీదు. ఇది కూడా చవకేం కాదు. తేడా ఎక్కడంటే, స్టాంపు డబ్బులకి కారణం రాసే చోటు దొరికేది, ఫోను డబ్బులకి ఇంకోసారి ఫోను చేసే అవకాశం మాత్రమే దొరికింది.

మనవాళ్ళకి ఈ అనుభవం లేదా ఏంటి? 2006 ఇండియన్ ఐడల్‌లో మన కారుణ్య కోసం, 2010లో శ్రీరామచంద్ర కోసం ఎసెమ్మెస్సులు గుద్దిన వేళ్ళు ఈ టపా చదివేవాళ్ళలో చాలానే ఉంటాయి. కారుణ్య ఓడాడు, శ్రీరామచంద్ర గెలిచాడు. పాట ఎవరు బాగా పాడారన్నది ఆ ఎసెమ్మెస్సుల లెక్క చెప్పగలదా? ఎవరికి ఎంత పట్టుదల ఉందో మాత్రం చెప్తుంది. రెండూ వేరు.

రాబిన్ చావు పెద్ద వార్తయింది. కామిక్స్ చదవనివాళ్ళు, చనిపోయింది తమ చిన్నప్పటి రాబినే అనుకుని గగ్గోలు పెట్టారు. బాట్‌మన్‌కి కొత్త ఊపు తెచ్చిన ఫ్రాంక్ మిల్లర్ కూడా ఈ ఓటింగుని గట్టిగా తప్పుపట్టాడు. తమాషా ఏంటంటే, 1986లో ఆయన రాసిన ముసలి బాట్‌మన్ కథలో జేసన్ అప్పటికే చచ్చిపోయి ఉంటాడు.

ఓట్లు కాకుండా అభిమానులు సాధించింది కూడా ఒకటి చెప్పాలి. 1994లో 'గ్రీన్ లాంటర్న్' 54వ సంచికలో హీరో ఇంటికొచ్చి చూస్తే ప్రియురాలి శవం ఫ్రిజ్‌లో ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకుని, వృత్తిరీత్యా జుట్టు కత్తిరించే గెయిల్ సిమోన్ 1999లో 'విమెన్ ఇన్ రిఫ్రిజిరేటర్స్' అనే సైటు పెట్టింది. అందులో ఉన్నది ముఖ్యంగా ఒక జాబితా. కామిక్స్‌లో చంపబడ్డ, హింసించబడ్డ, శక్తులు పోగొట్టుకున్న ఆడపాత్రల పేర్లు. ఫలానా కథ మార్చండని డిమాండ్ కాదు. వరసగా పేర్లు చదువుకుంటూ పోతే ఎవరికైనా నోట మాట రాదు. ఆ జాబితా పరిశ్రమ మాట్లాడుకునే తీరునే మార్చింది. 2003కల్లా ఆమే డీసీలో 'బర్డ్స్ ఆఫ్ ప్రే' రాస్తోంది. ఒక్క సంచిక మీద అరిస్తే అది అభిప్రాయం. వంద సంచికల్లో ఒకే పొరపాటు చూపిస్తే అది లాగ్ ఫైలు. లాగ్ ఫైలుతో వాదించడం కష్టం.

డీసీ వాళ్ళు 2002లో ఉత్తరాల పేజీలు తీసేశారు. నెట్ ఉండగా ఇంకా ఉత్తరాలెందుకు అన్నది అప్పటి వాదన. 2016 మేలో వచ్చిన కొత్త 'కెప్టెన్ అమెరికా' మొదటి సంచిక చివరి పేజీలో హీరో తాను హైడ్రా మనిషినని బయటపెడతాడు. సంచిక వచ్చిన రోజే గొడవ. ఆ బాధలో న్యాయం ఉంది. 1941 మార్చి తేదీతో వచ్చిన మొదటి సంచిక అట్ట మీద కెప్టెన్ అమెరికా హిట్లర్ దవడ పగలగొడతాడు, గీసిన జో సైమన్, జాక్ కిర్బీ ఇద్దరూ యూదులు. ఆ బొమ్మకి అప్పట్లో అమెరికాలోని నాజీ సానుభూతిపరుల నుంచి బెదిరింపులొచ్చాయనీ, న్యూయార్క్ మేయర్ లా గార్డియా ఫోన్ చేసి ధైర్యం చెప్పాడనీ సైమన్ తర్వాత చెప్పుకున్నాడు. డెబ్బై అయిదేళ్ళ తర్వాత రచయిత నిక్ స్పెన్సర్‌కీ చంపేస్తామని బెదిరింపులొచ్చాయి. ఈసారి పంపింది ఆ హీరోని ప్రేమించేవాళ్ళు! రెండో సంచికలోనే, హీరో గతాన్ని కాస్మిక్ క్యూబ్ మార్చేసిందని కథలో చెప్పారు. నెల రోజులు ఆగే ఓపిక ఎవరికుంది?

ఏతావాతా నేను చెప్పేదేంటంటే, అభిమాని మాట వినడం వల్ల కామిక్స్ ఎప్పుడూ చెడిపోలేదు. రాయ్ థామస్, షూటర్, సిమోన్ అందరూ అలా వచ్చినవాళ్ళే. చెడిపోయింది మాటని అంకె చేసినప్పుడు. క్లయింటు చెప్పే నొప్పి దాదాపు ఎప్పుడూ నిజం. ఆయన చెప్పే మందు మాత్రం చాలాసార్లు తప్పు. ఆ మందుల మీద ఓటింగు పెట్టి, ఎక్కువ ఓట్లొచ్చింది రిలీజ్‌లో పెట్టేస్తే బాధ్యత మన నెత్తిన ఉండదు, నిజమే. అందుకే మేనేజర్లకి ఓటింగంటే అంత ఇష్టం.

జేసన్ సంగతి మర్చిపోయా. 2005లో వాణ్ణి రెడ్ హుడ్ అనే పేరుతో బతికించేశారు. ఈసారి ఓటింగు లేదు. మొండివాడు, కోపిష్టి, హద్దులు దాటేవాడు, అంటే 1988లో ఏ గుణాలకైతే చంపారో సరిగ్గా అవే గుణాలతో వచ్చాడు. ఇప్పుడు వాడికి బోలెడుమంది అభిమానులు. 2023 డిసెంబరులో డీసీ వాళ్ళు, ఓటు అటు పడి ఉంటే వచ్చేదంటూ, రాబిన్ బతికిపోయిన 428వ సంచికని కూడా అచ్చేసి అమ్ముకున్నారు. పిల్లాడిలో తప్పు లేదు, వాడికి సరిపడే కథ అప్పటికి ఎవరూ రాయలేదంతే. ఆ ముక్క చెప్పడానికి మూడో ఫోన్ నంబరు లేకపోయింది.