గుణ గుహలోకి దిగినవాడు

2006 సెప్టెంబరు. పన్నెండేళ్లకోసారి పూసే కురింజి ఆ ఏడాది పళని కొండల మీద విరగబూసింది. కొచ్చి శివార్లలోని మంజుమ్మల్ నుంచి కొందరు కుర్రాళ్లు బండి మాట్లాడుకుని కొడైకెనాల్ బయల్దేరారు. అంతా చిన్నప్పటి నుంచీ జట్టుగా తిరిగినవాళ్లే. కొండెక్కి, చెరువు చుట్టూ తిరిగి, నాలుగు ఫొటోలు దిగి, చీకటి పడ్డాక నవ్వుకుంటూ ఇంటిదారి పట్టడమే వాళ్ల ప్లాను.

ఊరు దాటి కొన్ని కిలోమీటర్లు వెళ్తే పిల్లర్ రాక్స్ వస్తాయి. నాలుగు వందల అడుగుల ఎత్తున నిలబడ్డ రాతి గోడలు. ఆ రాళ్ల మధ్య నెర్రెలే గుహలు. ఆంగ్లేయుల కాలం నుంచీ వాటిని డెవిల్స్ కిచెన్ అనేవారు. 1991లో కమల్‌హాసన్ ‘గుణ’ను అక్కడ తీశాక గుణ గుహలయ్యాయి. సినిమా చూసినవాళ్లకు అది ప్రేమకథ జరిగిన చోటు. ఊరివాళ్లకు మాత్రం పడినవాడు తిరిగిరాని చోటు. అందుకే అప్పటికే అడ్డుకట్టలు వేసి, లోపలికి వెళ్లకూడదని నిషేధించారు.

కుర్రాళ్లు అడ్డుకట్ట దాటారు.

లోపల నేలంతా చెట్ల వేళ్లు పాముల్లా అల్లుకుని ఉంటాయి. రాలిన ఆకులు, పాకుడు, తడి. ఎక్కడ నేల ఉందో, ఎక్కడ నెర్రె ఉందో కంటికి ఆనదు. ముందు నడుస్తున్నవాడు కనిపిస్తూనే ఉంటాడు, మరుక్షణం ఉండడు. వాళ్లలో ఒకడైన సుభాష్ అలాగే మాయమయ్యాడు. మొదట ఆటపట్టిస్తున్నాడనుకున్నారు. తర్వాత ఆ రంధ్రం చూశారు. ఒక మనిషి పట్టేంత, అంతే. పేరు పెట్టి అరిచారు. బదులు రాలేదు. అరిచి అరిచి గొంతులు బొంగురుపోతున్న సమయానికి అడుగు నుంచి సన్నగా ఓ మూలుగు వినిపించింది.

బతికే ఉన్నాడు!

కొందరు సాయం కోసం పరుగెత్తారు. పోలీసులు ముందు నమ్మలేదు. మీరే తోసేశారేమోనని నిలదీశారు. దెబ్బలు కూడా తిన్నామని ఆ స్నేహితులు తర్వాత చెప్పుకున్నారు. ఆ గుహలో పడినవాళ్లెవరూ బతికి రాలేదని, ఆశ వదులుకోమని కూడా విన్నారు. ఇంతలో వాన. పైనుంచి నీళ్లూ మట్టీ ఆ రంధ్రంలోకే జారుతుంటే ఆపడానికి కుర్రాళ్లు తంటాలు పడ్డారు.

అగ్నిమాపక సిబ్బంది తాళ్లతో వచ్చారు. కానీ దిగడానికి ముందుకొచ్చినవాళ్లు లేరు. అడుగు ఎక్కడో తెలియదు, లోపల గాలి ఆడుతుందో లేదో తెలియదు. వాళ్ల భయాన్ని తప్పుపట్టలేం. లోపలున్నది వాళ్లకు ముక్కూమొహం తెలియని మనిషి.

సిజు డేవిడ్‌కు అలా కాదు. స్నేహితులు కుట్టన్ అని పిలిచే అతను నేను దిగుతానన్నాడు. నడుముకు తాడు కట్టారు, చేతికి టార్చి ఇచ్చారు. తాడు కొద్దికొద్దిగా వదులుతున్న కొద్దీ గోడలు ఇరుకవుతూ వచ్చాయి. సుమారు వంద అడుగుల లోతున, అడుగులేని చీకటికి పైన, రాళ్ల సందులో ఇరుక్కుని సుభాష్ కనిపించాడు. ఒళ్లంతా బురద, గాయాలు. ఎదురుగా వచ్చింది స్నేహితుడని గుర్తుపట్టే స్థితిలో కూడా లేడు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. నిలబడే చోటు లేదు. ఆ ఇరుకులోనే సుభాష్‌ను తన ఒంటికి కలిపి కట్టుకున్నాడు కుట్టన్. ఇప్పుడు ఒకే తాడు మీద ఇద్దరి బరువు. పైన సిబ్బందీ స్నేహితులూ కలిసి లాగారు. రాయికి తగులుకున్నచోట ఆగి, సర్దుకుని మళ్లీ లాగారు. ఆఖరికి రెండు తలలూ వెలుతుర్లోకి వచ్చాయి.

సుభాష్ కోలుకున్నాడు. ఒంటి గాయాలు మానినా నిద్రలో ఆ గుహ చాలాకాలం వదల్లేదు. కుట్టన్‌కు కేంద్ర ప్రభుత్వం జీవన్ రక్షా పతకం ఇచ్చింది. తర్వాత లోకం వాళ్లను మరచిపోయింది. 2024లో వాళ్ల కథతో చిదంబరం తీసిన ‘మంజుమ్మల్ బాయ్స్’ మలయాళంలో రెండు వందల కోట్లు దాటి, తెలుగులోకీ వచ్చాక దేశమంతా వాళ్ల పేరు చెప్పుకుంది. పోలీసుల తీరుపై వచ్చిన ఆరోపణల మీద విచారణ జరపమని తమిళనాడు ప్రభుత్వం ఆదేశించిందీ ఆ ఏడాదే, అంటే పద్దెనిమిదేళ్లకు.

సినిమా చూసి గుణ గుహలకు జనం ఎగబడ్డారు. నిషేధిత ప్రాంతంలోకి చొరబడి అరెస్టయిన కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లు ఆ కథలో సాహసాన్నే చూశారు. కుట్టన్ చేసింది సాహసమే, కాదనలేం. కానీ ఆ రోజు కంచె ఇవతలే నిలబడి ఫొటో దిగి వెళ్లిపోయిన జట్లు ఎన్నో ఉంటాయి. వాళ్ల మీద ఎవరూ సినిమా తీయలేదు. వాళ్లకు కుట్టన్ అవసరమూ పడలేదు.