పచారి కొట్టు, కొసరు

కోస్తా ఆంధ్రమున చిన్న పట్టణములలోని పచారి కొట్లు తరతరములుగా ఒక్కొక్క కుటుంబపు చేతిలోనే నడచినవి. తండ్రి గల్లాపెట్టె వద్ద కూర్చుండగా కొడుకులు తూచుచు, కొలుచుచు ఉండెడివారు. చింతపండు, బెల్లము వీశెల లెక్కను, బియ్యము, పప్పులు గిద్ద, సోల, తవ్వ, మానికలతోను అమ్మెడివారు. నాలుగు గిద్దలొక సోల. నాలుగు సోలలొక మానిక. ధాన్యము కొలుచునపుడు మొదటి కొలతను 'ఒకటి' యనక 'లాభము' అని లెక్కించుట ఆచారము.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. రూపాయికి 64 కానులు పోయి 100 పైసలైనవి. అణాకు సరియైన విలువ ఆరుంబావు పైసలు. చెల్లింపులో అది ఆరైనది. కానీకి ఒకటిన్నర పైచిలుకు, అది రెండైనది. అణా సరుకు ఒక్కమారు కొన్నవారికి ఆరు పైసలు చాలినవి. దానినే కానీ చొప్పున నాలుగు మార్లు కొన్న కూలివారికి ఎనిమిదైనవి. రొక్కము తక్కువైనవారికే భారము హెచ్చినది.

1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ తూనికలు క్రమక్రమముగా అమలులోనికి వచ్చినవి. 120 తులముల వీశె సుమారు 1400 గ్రాములు. వీశె ధరకే కిలో తూచుచున్నాడేమో యని గృహిణులు శంకించుట సహజమే.

అట్టి దినములలో కొట్టు పరువును నిలిపినది కొసరు. తూచిన పిమ్మట చేర్చి యిచ్చెడి ఆ పిడికెడు సరుకునకు ఏ చట్టములోను కొలత లేదు. పంట చేతికి వచ్చువరకు అరువు వ్రాసికొనెడి ఖాతా పుస్తకము కూడ అట్టిదే. నేడు పొట్లము మీద బరువు, ధర అచ్చుపడి వచ్చుచున్నవి. నాటి ధరలు మరచిన వృద్ధులు సైతము ఏ కొట్టున కొసరు ధారాళమో నేటికిని చెప్పగలరు.