588వ రాత్రి బాంబర్ రెజిమెంటు

588వ రాత్రి బాంబర్ రెజిమెంటు రెండవ ప్రపంచ యుద్ధ కాలపు సోవియట్ వాయుసేన దళము. 1942లో యుద్ధరంగానికి వచ్చిన ఈ దళంలో పైలట్ల నుండి మెకానిక్కుల వరకు అందరూ స్త్రీలే. దీనికి నాయకురాలు యెవ్దోకియా బెర్షాన్‌స్కాయా.

వీరి పో-2 విమానము నిజానికి చెక్క, గుడ్డలతో చేసిన శిక్షణ విమానము. అది కొద్ది బాంబులనే మోయగలదు. కనుక పైలట్, నావిగేటర్ జంట ఒకే రాత్రి పలుమార్లు దాడికి వెళ్ళేవారు. దిగిన ప్రతిసారీ సహచరులు చీకట్లోనే బాంబులను చేతులతో ఎత్తి తగిలించేవారు. నిద్ర పగటిపూటే. లక్ష్యం సమీపించగానే ఇంజను వేగం తగ్గించి, నిశ్శబ్దంగా జారుతూ బాంబులు వేసేవారు. జర్మన్లు వీరిని "రాత్రి మంత్రగత్తెలు" అన్నారు.

1944 వరకు వీరు పారాచూట్లు లేకుండానే ఎగిరారు. 1943 జూలై 31 రాత్రి నాలుగు విమానాలు కూలగా ఎనిమిదిమందీ మరణించారు.