మారేడుమిల్లి ప్రయాణం: పెద్ద బండిలో సామాన్ సర్దడం, కట్టడం ఎలా?

పండగ అయిన మూడో రోజో నాలుగో రోజో రాజమండ్రి, కాకినాడ, తాడేపల్లిగూడెం, భీమవరం వైపు నుంచి కుటుంబాలు బండ్లు కట్టుకుని మారేడుమిల్లి బయల్దేరడం చాలా ఇళ్లలో అలవాటు. ఇన్నోవా, ఎర్టిగా, బొలెరో, లేదంటే కిరాయికి తీసుకున్న ట్రావెలర్. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. దూరం తక్కువే, కానీ సామాన్ మాత్రం హైదరాబాద్ పెళ్లికి వెళ్తున్నంత ఉంటుంది. ఎందుకంటే ఇది హోటల్ మీద ఆధారపడే ప్రయాణం కాదు. అక్కడ పేరుపడ్డ బొంగు చికెన్ హలాల్‌దో కాదో తెలియనప్పుడు మటన్, చికెన్ ఇంటి నుంచే పట్టుకెళ్లాలి. దాంతోపాటు దేగ్చా, కఫ్గీర్, ఐస్ బాక్సు, బియ్యం, దస్తర్‌ఖాన్, చాపలు, తోషకులు, దోమతెరలు, లోటా, జానమాజ్‌లు, దాదీ మందుల సంచీ... అన్నీ ఎక్కాలి.

ముందు బరువు సంగతి. ఎనిమిది మంది ఎక్కితే తలకు 60 కిలోల చొప్పున 480 కిలోలు. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండంటే 40 కిలోలు. ఐస్ బాక్సు, దేగ్చా, బియ్యం, కట్టెలు కలిపితే ఇంకో 60, 70 కిలోలు ఇట్టే అవుతాయి. బండి మొత్తం ఎంత మోయగలదో, పైన క్యారియర్ మీద ఎంత పెట్టవచ్చో కంపెనీ ఇచ్చే మాన్యువల్‌లో ఉంటుంది. క్యారియర్ సొంత బరువు కూడా ఆ లెక్కలోకే వస్తుందని చాలామంది గమనించరు. ఫుల్ లోడుకు టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద విడిగా రాసి ఉంటుంది. గాలి బయల్దేరే ముందే కొట్టించుకోవాలి, ఘాట్ ఎక్కాక గుర్తొస్తే లాభం లేదు.

బరువైనవి కింద, తేలికైనవి పైన. వినడానికి చిన్న మాటే గానీ ఇళ్లలో జరిగేది దీనికి రివర్స్. లోపల చోటు చాలదని దేగ్చా, నీళ్ల క్యాన్లు క్యారియర్ మీదికెక్కిస్తారు, మెత్తటి తోషకులు లోపల కుక్కుతారు. పైన బరువు పెరిగితే ఘాట్ మలుపుల్లో బండి ఎక్కువ వాలుతుంది. పైకి వెళ్లాల్సింది తోషకులు, దిండ్లు, చాపలు, టెంటు. నీళ్లు, బియ్యం, దేగ్చా డిక్కీలో నేలమీద, వెనక సీటుకు ఆనించి ఉండాలి. దేగ్చా ఖాళీగా తీసుకెళ్లడం దండగ. మసాలా డబ్బాలు, ప్లేట్లు, గ్లాసులు పాత దుప్పట్లో చుట్టి అందులోనే పెడితే చోటూ కలిసొస్తుంది, గలగల మోతా ఉండదు.

ఎర్టిగాలో మూడు వరసలూ నిలబెట్టి ఉంచితే డిక్కీ 209 లీటర్లే. మూడో వరస మొత్తం మడిస్తే 550 లీటర్లు. అది సగం సగంగా మడిచే సీటు కాబట్టి ఒక మనిషి తగ్గితే ఒక పక్క మడిచి పొడుగు సామాన్ పెట్టుకోవచ్చు. ఏడుగురు ఎక్కి, ఇంత సామానూ అందులోనే పట్టాలంటే కుదరదు. రెండో బండి తీసుకోవడమే నయం. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని సర్దుకుపోవడం మన దగ్గర మామూలే, కానీ పరిమితికి మించి ఎక్కిన ఒక్కొక్కరికీ 200 రూపాయల జరిమానా, బెల్టు పెట్టుకోకపోతే 1000, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు లేకపోతే ఇంకో 1000 అని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. వెనక సీటు వాళ్లకు కూడా బెల్టు తప్పనిసరి. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయిన ప్రమాదంలో ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండానే కూర్చున్నారు.

కట్టని సామానుకూ ఇదే వర్తిస్తుంది. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి దేనికో గుద్దుకుని ఆగిపోతే, లోపలున్న వస్తువు మాత్రం అదే వేగంతో ముందుకొస్తుంది. ఆ దెబ్బ సుమారు 10 మీటర్ల ఎత్తు, అంటే మూడంతస్తుల మేడ మీంచి పడినట్టు ఉంటుంది. పది కిలోల దేగ్చా అలా వచ్చి పడేది మూడో వరసలో కూర్చున్న పిల్లల తలల మీదే. అందుకే వెనక పేర్చిన సామాన్ సీటు వీపు ఎత్తు దాటకూడదు. డిక్కీలో నేలమీదుండే కొక్కేలకు రాట్చెట్ బెల్టు వేసి బిగించాలి. రబ్బరు హుక్కు తాళ్లు సంచులకు చాలు, దేగ్చాను ఆపలేవు.

పైన కట్టేటప్పుడు ముందు ఒక బరకం పరిచి, దాని మీద సామాన్ పేర్చి, అంచులు లోపలికి మడిచి, ఇంకో బరకం కప్పాలి. బరకం తెరుచుకునే వైపు వెనక్కి ఉండాలి, ముందుకుంటే గాలి దూరి పడవ తెరచాపలా ఉబ్బుతుంది. తాడు నిలువుగా రెండు, అడ్డంగా రెండు, ఆపైన మూల నుంచి మూలకు. నైలాన్ తాడు లాగుడికి సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. అందుకే గోకవరంలో టీకి ఆగినప్పుడు ఒకసారి, రంపచోడవరంలో ఒకసారి చెయ్యి వేసి చూసి మళ్లీ బిగించాలి. తాడు మధ్యలో ఉచ్చు వేసి, కొసను క్యారియర్ కమ్మీ చుట్టూ తిప్పి ఆ ఉచ్చులోంచి లాగితే రెట్టింపు బిగుతు వస్తుంది. లారీ క్లీనర్లు వేసేది ఈ ముడే, ఎవరినైనా అడిగితే రెండు నిమిషాల్లో నేర్పిస్తారు.

మొహర్రంలో నెల్లూరు రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గర బస చేసేలా వెళ్లే కుటుంబాలకు ఈ పైకట్టు ఇంకా ముఖ్యం. నాలుగు వందల కిలోమీటర్లకు పైగా హైవే, వేగం ఎక్కువ. కొంచెం వదులుగా ఉన్నా గాలికి బరకం చిరిగి చాపలు వెనకొచ్చే బైకు మీద పడతాయి.

ఇక గ్యాస్. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్‌ను బండిలో వేసుకెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇది మానుకోవాల్సిన పని. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోకుండా కాళ్ల దగ్గరే పేరుకుంటుంది. అద్దాలు మూసి ఏసీ వేసుకున్న బండిలో పరిస్థితి చెప్పనక్కర్లేదు. చోటు కోసం పడుకోబెడితే మరీ ప్రమాదం. బస దగ్గర వంటకు ఏముందో ముందే ఫోన్ చేసి కనుక్కోవడం, లేదా కట్టెలు, బొగ్గులు పట్టుకెళ్లడం మేలు. వలమూరు దగ్గరి జంగిల్ స్టార్ క్యాంపులోనైనా, ఇంకెక్కడైనా, అడవిలో నిప్పు అక్కడివాళ్లు చూపించిన చోటే పెట్టాలి. ఎండాకాలం ఎండుటాకులకు ఒక్క నిప్పురవ్వ చాలు.

మాంసం ఉన్న ఐస్ బాక్సు పైకి ఎక్కించకూడదు, ఏసీ తగిలే లోపలే ఉంచాలి. మసాలా పట్టించిన ముక్కల్ని మూత గట్టి డబ్బాల్లో ముందు రాత్రే ఫ్రీజర్‌లో గడ్డ కట్టిస్తే అదే ఐసులా పనిచేస్తుంది. కూల్‌డ్రింకులకు వేరే బాక్సు పెట్టాలి, లేకపోతే పిల్లలు పదిసార్లు మూత తీస్తారు. 32 డిగ్రీలు దాటిన ఎండలో పచ్చి మాంసం బయట గంటకు మించి ఉండకూడదు.

సర్దే వరస తలకిందులుగా ఆలోచించాలి. చివర కావాల్సింది మొదట ఎక్కాలి. వెనక తలుపు తీయగానే చేతికందాల్సినవి వుజూకు నీళ్లు, లోటా, జానమాజ్‌లు. దారిలో జొహర్ వేళయితే బండంతా దించక్కర్లేదు. దోమతెరలు కూడా పైపొరలోనే ఉండాలి. ఏజెన్సీలో మలేరియా ఉంది, చీకటి పడ్డాక వెతుక్కుంటే అప్పటికే కుట్టేసి ఉంటాయి. మందులు, టార్చి, నీళ్ల సీసా ముందు సీటు దగ్గర ఉండాలి.

డెల్టా వాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. ఊళ్ల నుంచి మెయిన్ రోడ్డెక్కే దాకా సగం దారి కాలవ గట్ల మీదే. బండి కాలవలో పడితే బయటపడటానికి ఉండేది కొద్ది క్షణాలే. బెల్టు విప్పి, కరెంటు పనిచేస్తుండగానే అద్దం దించి, పిల్లల్ని ముందు తోసి బయటికి రావాలి. తలుపు కోసం పెనుగులాడితే నీటి ఒత్తిడికి అది తెరుచుకోదు. మధ్య వరసలో కాళ్ల దగ్గర సంచులు, కిటికీకి అడ్డంగా దిండ్లు ఉంటే వెనక వరస వాళ్లకు దారే ఉండదు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ఆటోమొబైల్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని డాష్‌బోర్డు లోపల కాకుండా చేతికందేలా పెట్టాలి.

తిరుగు ప్రయాణంలో అందరూ అలిసిపోయి సామాన్ విసిరేస్తారు, తాళ్లు వదులయ్యేదీ అప్పుడే. పరుపులు, బూట్లు దులపకుండా బండెక్కించకూడదు, తేళ్లు దూరి ఉండొచ్చు. బూడిద పూర్తిగా చల్లారాకే దేగ్చా లోపలికి వెళ్లాలి. చెత్త మూట కట్టి వెనక్కి తేవడానికి ఒక గోనెసంచి ముందే ఉంచుకోవాలి. ఇంటికొచ్చిన రాత్రే ఐస్ బాక్సు కడిగి మూత తీసి పెట్టాలి. బరకాలు మర్నాడు ఎండకు ఆరేస్తేనే బూజు పట్టకుండా వచ్చే పండగ దాకా నిలుస్తాయి.