జాలి నుంచి శిక్షణకు

పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్‌లో జంక్షన్, వర్క్‌షాపు నెలకొల్పింది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎందరో తెలుగువారు అక్కడికి పనికి వెళ్ళి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, రైల్వే క్వార్టర్ల మధ్య హిందీ: అక్కడి పిల్లల చెవిన పడే భాషలు ఇవి.

అటువంటి ఊళ్ళో మూడేళ్ళు నిండినా మాటలు రాని పిల్లవాడు ఉన్నాడనుకోండి. ‘మూడు భాషలతో తికమకపడుతున్నాడు, వాడే మాట్లాడతాడులే’ అంటారు ఇరుగుపొరుగువారు. కానీ పలు భాషలు వినడం వల్ల మాట లోపం ఏర్పడదని పరిశోధనలు చెబుతున్నాయి. మరి కారణం వినికిడి లోపమా? ఆటిజమా? బుద్ధి వికాసంలో జాప్యమా? దీన్ని తేల్చడానికి జాలి చాలదు, శిక్షణ కావాలి. ఆ శిక్షణ మన దేశంలో ఎలా మొదలైందో చూద్దాం.

కలకత్తాలో తొలి అడుగులు

1893లో కలకత్తాలో బధిరుల పాఠశాల ప్రారంభమైంది. దాని స్థాపకులలో ఒకరైన జామినీనాథ్ బెనర్జీ విదేశాలకు వెళ్ళి, వాషింగ్టన్‌లోని గలాడెట్ కళాశాలలో బోధనా పద్ధతులు నేర్చుకుని వచ్చారు. మంచి మనసుతో పాటు పద్ధతి కూడా అవసరమని ఆనాడే గుర్తించారన్నమాట. 1897లో లాల్ బిహారీ షా అదే నగరంలో అంధుల పాఠశాలను ప్రారంభించారు.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల పరిస్థితి మాత్రం వేరు. 1912 నాటి చట్టం వారిని పిచ్చివారి కిందనే జమకట్టింది. వ్యాధి వేరు, వికాసంలో వెనుకబాటు వేరు. మొదటిదానికి చికిత్స అవసరం, రెండవదానికి బోధన అవసరం. ఈ తేడాను పాటించిన తొలి ప్రయత్నాలలో ఒకటి ఖరగ్‌పూర్‌కు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని ఝార్‌గ్రామ్‌లోనే జరిగింది. 1933లో గిరిజాభూషణ్ ముఖర్జీ అక్కడ ‘బోధనా నికేతన్’ స్థాపించారు. చికిత్సాలయమని కాక, ‘బోధన’ అని పేరు పెట్టడం గమనించండి.

వృత్తిగా మారిన సేవ

స్వాతంత్ర్యం తరువాత శిక్షణ సంస్థలు వచ్చాయి. మాట, వినికిడి లోపాల అధ్యయనం కోసం 1965లో మైసూరులో అఖిల భారత సంస్థ ఏర్పడింది. బుద్ధిమాంద్యులైన పిల్లల కోసం 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ వెలిసింది. 1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టాన్ని చేసింది. అప్పటి నుంచి ప్రత్యేక ఉపాధ్యాయులు, వాక్ చికిత్సకులు గుర్తింపు పొందిన కోర్సు చదివి, మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. ఒకనాటి దాతృత్వం ఈ విధంగా వృత్తి అయింది.

ఇందులో ఇంజనీర్లకు కూడా చోటుంది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో మొదలైన ఖరగ్‌పూర్ ఐఐటీలో, ఆచార్య అనుపమ్ బసు బృందం ‘సంయోగ్’ అనే సాధనాన్ని రూపొందించింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలలో కొందరికి ఆలోచన ఉన్నా నోటి కండరాలు, చేతులు సహకరించవు. సంయోగ్‌లో కంప్యూటర్ తెరపై బొమ్మలు వరుసగా వెలుగుతాయి. కావలసిన బొమ్మ వెలిగినప్పుడు పిల్లవాడు ఒక్క స్విచ్ నొక్కితే చాలు. ఎంచుకున్న బొమ్మలను కంప్యూటర్ భారతీయ భాషలో వాక్యంగా కూరుస్తుంది. ఆ వాక్యాన్ని పైకి పలికే ఏర్పాటు కూడా చేశారు.

మీరేం చేయవచ్చు?

ఇంటర్మీడియట్ తరువాత ప్రత్యేక విద్యలో డిప్లొమా, డిగ్రీ తరువాత ప్రత్యేక బి.ఎడ్. చేయవచ్చు. సైన్స్ విద్యార్థులకు వాక్-శ్రవణ శాస్త్రం, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ కోర్సులున్నాయి. ప్రత్యేక విద్య, వాక్-శ్రవణ కోర్సులలో చేరే ముందు పునరావాస మండలి గుర్తింపు ఉన్నదీ లేనిదీ తప్పక చూసుకోండి.

అవసరం ఎంతైనా ఉంది. 2021లో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకంపై తీర్పునిచ్చింది. ప్రాథమిక తరగతులలో ఇటువంటి పిల్లలు పదిమందికి ఒకరు, ప్రాథమికోన్నత తరగతులలో 15 మందికి ఒకరు చొప్పున ఉండాలని కేంద్రం 2022లో ప్రకటించింది.

భాష సంగతి కూడా మరువరాదు. 1905లో ఫ్రాన్స్‌లో పుట్టిన బినే బుద్ధి పరీక్షను 1930లలో వి. వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా మలిచారు. పిల్లవాడికి రాని భాషలో ప్రశ్న అడిగితే తేలేది వాడి బుద్ధి కాదు, మన పొరపాటు. ఖరగ్‌పూర్‌లోని తెలుగు పిల్లవాడికి బెంగాలీలో ‘బొమ్మ ఏదీ?’ అని అడిగితే వాడు చూపలేకపోవచ్చు. అదే ప్రశ్నను అమ్మ మాటలో కూడా అడగగల నిపుణుడు ఎదుట ఉంటే, లోపం ఉన్నదీ లేనిదీ సరిగా తెలుస్తుంది. రెండు మూడు భాషల మధ్య పెరిగిన విద్యార్థులు ఈ వృత్తిలోకి వస్తే, చదువుతో పాటు ఆ భాషలు కూడా వారికి పనిముట్లే.